కొడుకు కొనిచ్చిన రీడర్ బీరువాలో ఉంది

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి వేయొద్దన్నారు. రూళ్ల కాగితం మీద ఆరు పేజీలు. మొదటి రెండు పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా గీత మీద కూర్చున్నాయి. మూడో పేజీ నుంచి గీత దాటి కిందికి జారాయి. రాస్తూ రాస్తూ సాయంత్రమైందేమో, గీత కనపడలేదేమో అనిపించింది.

ఆమె వయసు 68. భర్త కూడా టీచరే. ఉత్తరం పొడుగునా ఆయన్ని "మా సారు" అనే రాశారు. సారు పోయి నాలుగేళ్లయింది. ఆయన కొన్న పుస్తకాలు 340 దాకా ఇంట్లో ఉన్నాయి. తెల్లవారుజామున లేచి, చాయ్ తాగి, ఓ గంట పద్యాలు చదువుకోవడం ఇద్దరికీ అలవాటు. ఇప్పుడు ఒక్కరే చదువుకుంటున్నారు. అదీ పది నిమిషాలకే కండ్లు గుంజి నీళ్లు కారుతున్నాయట.

బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పోయిన పుట్టినరోజుకు 6 అంగుళాల కిండిల్, అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే రీడర్ పంపాడు. మరిది కొడుకు సారు పుస్తకాల్లో అరవై దాకా ఫోన్‌తో స్కాన్ చేసి, పీడీఎఫ్‌లు చేసి అందులో వేసిచ్చాడు. తెరిచి చూస్తే చీమల బారు. పెద్దది చేస్తే సగం లైను తెర బయటికి పోతోంది. కొడుకు ఫోన్ చేసి "చదువుతున్నావా అమ్మా" అంటే "మంచిగుంది బిడ్డా" అంటున్నారు. రీడర్ మాత్రం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. కరీంనగర్‌లో ఉన్న కూతురికి అసలు సంగతి తెలుసు. "అన్నకు చెప్పకు, నేను పెద్ద ట్యాబ్ కొనిస్తా" అంటోందట.

కండ్ల సంగతి ఆఖరి పేజీలో నాలుగు లైన్లలో తేల్చేశారు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్చారు. రాత్రిపూట ఆటోలో వస్తుంటే ఎదురుబండ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కండ్లు చెదురుతున్నాయి. మధ్యలో కొన్ని నెలలు అద్దాలు లేకుండానే పేపర్ చదవగలిగారు, దాంతో కండ్లు బాగయ్యాయనుకున్నారు. 2023లో ప్రభుత్వ కంటి వెలుగు రెండో విడత శిబిరంలో "మోతిబిందు (శుక్లం) మొదలైంది, పెద్దాసుపత్రిలో చూపించుకోండి" అన్నారు. "ముదిరినాక తీయించుకుంటేనే మేలు" అని పక్కింటామె చెప్పడంతో ఆగిపోయారు.

పోయిన కార్తీకంలో గుడిలో పురాణం చదువుతూ "ఫాలలోచనుడు" అన్న మాటను "పాలలోచనుడు" అని చదివేశారట. విన్నవాళ్లెవరూ పట్టించుకోలేదు. "పిల్లల వత్తులు దిద్దీ దిద్దీ రిటైరైన దాన్ని, నేనే వత్తు మింగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మిషన్ మార్చుకోవాలా, ట్యాబ్ తీసుకోవాలా, లేక సారు పుస్తకాలన్నీ గ్రంథాలయానికిచ్చి ఊరుకోవాలా, మీరే చెప్పండి" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం ఆఖరి పేజీతో మొదలుపెడతాను. మీరు నాలుగు లైన్లలో దాటేసిందే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది.

కొన్ని నెలలు అద్దాలు లేకుండా పేపర్ చదవగలిగాను అన్నారు కదా. అది కన్ను బాగుపడటం కాకపోవచ్చు. కంటి లోపలి కటకం నడిమధ్యలో గట్టిపడుతూ వచ్చే రకం మోతిబిందులో ఇలా జరుగుతుంది. కటకం బలం పెరిగి దగ్గరి చూపు కొంతకాలం తేటగా అనిపిస్తుంది, దూరం మసకబారుతుంది. తర్వాత దగ్గరిది కూడా పోతుంది. రెండేళ్లలో మూడుసార్లు నంబర్ మారడం, రాత్రి లైట్లు విచ్చుకోవడం ఇవన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. నంబర్ మారడానికి షుగర్ కూడా కారణం కావచ్చు. రక్తంలో చక్కెర ఎగుడుదిగుడైతే కటకం ఉబ్బి తగ్గుతుంటుంది, అద్దాల నంబర్ కూడా దాని వెంటే మారుతుంది. నేను డాక్టర్ని కాను, ఇందులో ఏది ఎంత అన్నది కన్ను చూసినవాళ్లే చెప్పాలి. కానీ ఇవి తెలిసి కూడా ముందు మిషన్ సంగతి మాట్లాడితే మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

ఇలా అనడానికి నాకో కారణం ఉంది. మా అమ్మకు చదవడం కష్టమైనప్పుడు నేను చేసిన మొదటి పని ఒక మిషన్ కొనడం. అమ్మ కూడా మీలాగే "మంచిగుంది బిడ్డా" అంది. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు "గుమ్మం వంకరగా కనపడుతోంది" అంటే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. మోతిబిందు కాదు, కంటి వెనక పొర అయిన రెటీనా నడిమి భాగం, మాక్యులా దెబ్బతింది. ముందే పోయి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. మీ ఉత్తరం చదువుతుంటే ఆ ఎనిమిది నెలలే గుర్తొచ్చాయి.

అందుకని మొదటి పని, ఈ నెలలోనే కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి రెటీనా దాకా చూసే పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఏటా చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. అద్దాల షాపులో నంబర్ చూడటం దీనికి బదులు కాదు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, లేదా మీకు నమ్మకమైన కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు ఓర్వలేరు. ఒంటరిగా పోకండి, మరిది కొడుకును తోడు తీసుకుపోండి. ఈలోగా సరళరేఖలు వంకరగా కనిపించినా, చూపుకు అడ్డంగా తెర దిగినట్టున్నా, ఒక్కసారిగా నల్లటి చుక్కలు రాలినట్టున్నా నెలాఖరు దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

పక్కింటామె చెప్పిన "ముదిరినాక" అన్నది పాత కాలం ఆపరేషన్లకు సంబంధించిన మాట. ఇప్పుడు కటకాన్ని అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి చిన్న గాటులోంచి తీసేస్తారు. గట్టిపడేకొద్దీ ఆ పనే కష్టమవుతుంది. అలాగని రేపే చేయించుకోమని నేననను. రోజువారీ పనికి అడ్డం వస్తోందా లేదా అన్నదే కొలత. పద్యం చదవడం మీకు రోజువారీ పని, ఆ మాట డాక్టర్‌తో గట్టిగా చెప్పండి. ఎందుకంటే ఆపరేషన్‌లో పెట్టే మామూలు కటకం ఒక్క దూరానికే సరిపడుతుంది. ఏమీ అడగకపోతే సాధారణంగా దూరపు చూపుకు పెడతారు, చదవడానికి అద్దాలు కావాల్సి వస్తుంది. "నేను బండి నడపను, రోజూ చదువుతాను" అంటే దగ్గరి చూపుకు పెట్టే వీలుందేమో ఆలోచిస్తారు. అప్పుడు దూరం చూడటానికి అద్దాలు కావాలి. దూరం, దగ్గర రెండూ కనపడే ఖరీదైన కటకాలు కూడా ఉన్నాయి. కానీ వాటితో నలుపు తెలుపుల తేడా కాస్త తగ్గుతుంది, లైట్ల చుట్టూ వలయాలు కనపడొచ్చు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే అవి సాధారణంగా వద్దంటారు. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ చూపు వస్తుందనుకోకుండా ఈ మూడూ అడిగి తెలుసుకోండి.

దీనికీ మీ ప్రశ్నకూ సంబంధం ఏమిటంటే, ఆపరేషన్ అయ్యాక మీ కన్ను వేరే కన్ను. ఇప్పుడు భరించలేని తెర అప్పుడు హాయిగా ఉండొచ్చు. ఇప్పుడు కొన్న అద్దాలైతే అసలే పనికిరావు. కన్ను కుదుటపడ్డాక, నెలా నెలన్నర తర్వాత గానీ చదువుకునే అద్దాల నంబర్ తేలదు. కాబట్టి ఆపరేషన్ అవసరమని తేలితే అద్దాలైనా ట్యాబైనా దాని తర్వాతే కొనండి. వద్దని తేలితే, లేక మీరే ఇంకో ఏడాది ఆగుదామనుకుంటే, ఇప్పుడు చెప్పేది పనికొస్తుంది.

ఆ రీడర్ మిమ్మల్ని ఎందుకు ఏడిపించిందో చూద్దాం. తప్పు మీ కండ్లది ఒక్కటే కాదమ్మా. ఆ మిషన్ చెడ్డదీ కాదు. అందులో వేసిన సరుకు దానికి నప్పదు, అంతే.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే పేజీ ఫొటో. ఫొటోలో అక్షరం ఒక్కదాన్నే పెద్దది చేయలేం, పేజీ మొత్తం పెద్దదవుతుంది. అందుకే లైను తెర బయటికి పోతోంది. టైపు చేసిన పుస్తకం వేరు. అందులో అక్షరం సైజు పెంచితే మాటలు తమంతట తామే కింది లైనుకు సర్దుకుంటాయి. కిండిల్ రకం చిన్న రీడర్లు ఈ రెండో రకం పుస్తకాల కోసం చేసినవి. కొలిచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మన నవలలు ఎక్కువగా వచ్చే డెమ్మీ సైజు పేజీ వెడల్పు ఐదున్నర అంగుళాలు. 6 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు కొలత, అసలు వెడల్పు మూడున్నర పైచిలుకే. ఐదున్నర అంగుళాల పేజీని అందులో ఇరికిస్తే అక్షరం మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. 68 ఏళ్ల కంటికి అసలు పుస్తకమే చిన్నదిగా కనపడుతుంటే, దాన్ని ఇంకా చిన్నది చేసి చేతికిచ్చినట్టయింది.

తెలుగుకు ఇంకో చిక్కుంది, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరం కుదించినా పోలిక పోదు. మన ద, ధ, థ చూడండి. తేడా అంతా కింద ఒక చిన్న గీతలో, కడుపులో ఒక చుక్కలో ఉంది. ప, ఫ, ష కూడా అంతే. మీరు మింగిన ఆ వత్తు మీ చదువులో లోపం కాదు. కాగితం మీద అర మిల్లీమీటరు కూడా లేని గీత అది. మోతిబిందు ముందుగా దెబ్బకొట్టేది అలాంటి సన్నటి గీతల్నే. ఆ రాత్రి నిద్ర మానుకోవాల్సినంత తప్పు మీరేం చేయలేదు.

పద్యం సంగతికొస్తే, చిన్న తెర మీద టైపు పుస్తకం కూడా మీకు సగమే పనికొస్తుంది. ఈ జవాబు రాసేముందు నేను ఒక 6 అంగుళాల రీడర్ తీసుకుని అక్షరాన్ని మీకు సరిపోతుందనిపించినంత పెద్దది చేసి చూశాను. లైనుకు పన్నెండు, పదమూడు అక్షరాలు పట్టాయి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి. పాదం తప్పకుండా విరుగుతుంది. మొదటక్షరం ఒక లైనులో, యతిస్థానం దాటాక మిగిలిన ముక్క కింది లైనులో. పాదం చివర ఎక్కడో తెలియక నోరు తడబడుతుంది. తెరను అడ్డంగా తిప్పితే పదిహేడు, పద్దెనిమిది దాకా వచ్చాయి. వచనానికి ఇది అడ్డం కాదు. కథలు, వ్యాసాలు ఎక్కడ విరిగినా చదువుకోవచ్చు. పద్యానికి మాత్రం 10 అంగుళాల తెర కావాలి. దాని వెడల్పు ఆరు అంగుళాల దాకా ఉంటుంది, డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే కూర్చుంటుంది. అంచుల్లోని ఖాళీని కత్తిరిస్తే అక్షరం అసలుకంటే పెద్దదే అవుతుంది.

ఇక మీ ముందున్న దారులు. ఉన్న రీడర్‌ను ఉంచుకుని వచనానికి వాడుకోవడం ఒకటి. దానిది ఈ-ఇంక్ తెర. ట్యాబ్ తెర వెనక దీపం పెట్టి వెలుగును కంట్లోకి కొడుతుంది. ఈ-ఇంక్ కాగితంలాగే బయటి వెలుతురును తిప్పి పంపుతుంది, అందులో ఉన్న చిన్న లైటు కూడా తెర మీద పడేదే. లైట్లకు చెదిరే మీ కంటికి ఇది నెమ్మది. పైగా తేలిక, ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. ఇబ్బందల్లా తెలుగు పుస్తకాలు. 2016లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు పెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఐదే ఉన్నాయి, తెలుగు లేదు. అందుకని షాపుల మీద ఆధారపడకండి. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలు టైపు చేసి పెట్టారు, వాటిని ఈపబ్ ఫైళ్లుగా, అంటే అక్షరం సైజు పెంచుకోగల పుస్తకాలుగా దించుకోవచ్చు. మరిది కొడుకును ఒక్కటి దించి ఆ రీడర్‌లోకి పంపమనండి. పంపాక పక్కన కూర్చుని వత్తులు సరిగ్గా కింద కూర్చున్నాయా, పక్కకు జరిగాయా చూడండి. ఒక పేజీ చూస్తే తేలిపోతుంది. సరిగ్గా ఉంటే ఖర్చు లేకుండా మీకు కొన్ని నెలల చదువు దొరికినట్టే. లేకపోతే ఆ రీడర్ మీకు పనికిరాదని తేలినట్టే.

రెండోది మీ అమ్మాయి చెప్పిన పెద్ద ట్యాబ్. మీ దగ్గరున్న స్కాన్లకు ఇదే బాగా పనికొస్తుంది. రెండు వేళ్లతో లాగితే అక్షరం పెద్దదవుతుంది, పేజీ చటుక్కున మారుతుంది, పాత పుస్తకం పసుపు కాగితాన్ని తెల్లగా, అక్షరాన్ని నల్లగా చేసుకోవచ్చు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టుకునే వీలు కూడా ఉంది. మోతిబిందు ఉన్న చాలామందికి తెల్లటి తెర మిరుమిట్లు గొలుపుతుంది, ఇలా నలుపు తెలుపులు తారుమారు చేస్తే ఒక్కసారిగా ప్రాణం లేచొస్తుంది. ఇది తప్పకుండా చేసి చూడండి. ట్యాబ్ వెలుగుకు కండ్లు పాడవుతాయని మీరు భయపడుతూ రాశారు. తెర వెలుగు రెటీనాను పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. నీలికాంతి అద్దాలని అమ్మేవాటికి డబ్బు పెట్టకండి. కండ్లు గుంజడానికి, నీళ్లు కారడానికి ఒక కారణం, తెరను కానీ పుస్తకాన్ని కానీ తదేకంగా చూస్తున్నప్పుడు మనం రెప్పవేయడం మర్చిపోతాం, కన్ను ఆరిపోతుంది. ప్రతి పద్యం అయ్యాక తలెత్తి కిటికీలోంచి దూరంగా చూసి నాలుగుసార్లు రెప్ప ఆర్పండి. ట్యాబ్‌తో ఉన్న అసలు కష్టం బరువు. 10, 11 అంగుళాలవి అరకిలో దాకా ఉంటాయి, పడుకుని చేత్తో పట్టుకోలేరు. స్టాండు కొని బల్ల మీద పెట్టుకోవాలి. వాట్సాప్ మోతలు ఆపించుకోవాలి, లేకపోతే పద్యం నడుమ పెండ్లి పత్రికలొస్తాయి. మీ సారుతో కూర్చున్న ఆ తెల్లవారుజాము గంటలోకి ఫోన్ గోల వస్తుందన్నమాట. అది మీకు ఎంత ఇబ్బందో మీరే చెప్పగలరు.

మూడోది 10 అంగుళాల ఈ-ఇంక్. కిండిల్ స్క్రైబ్, ఓనిక్స్ బూక్స్ లాంటివి. బూక్స్ వాటిలో ఆండ్రాయిడ్ ఉంటుంది కాబట్టి మామూలు పీడీఎఫ్ యాప్‌లు వేసుకోవచ్చు. కండ్లకు నెమ్మది, పద్యపాదం విరగదు. ఇంత మంచిదని తెలిసీ మీకు ఇప్పుడే కొనమని చెప్పలేకపోతున్నాను. ఖరీదు చిన్న రీడర్ కంటే చాలా ఎక్కువ. తెర పగిలితే ఇక్కడ బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. ఇంకో సంగతి షాపువాళ్లు చెప్పరు. ఈ-ఇంక్ తెర తెల్లగా ఉండదు, లేత బూడిద రంగులో ఉంటుంది. నలుపు తెలుపుల తేడా మంచి ట్యాబ్ కంటే తక్కువ. కంట్లో మసక ఉన్నప్పుడు అక్షరం సైజు ఎంత అవసరమో ఆ తేడా కూడా అంతే అవసరం. మోతిబిందు తీసేశాక ఇది మీకు దేవుడిచ్చిన వరం కావచ్చు, ఇప్పుడు మాత్రం మసకగానే అనిపించొచ్చు. కొంటే నలుపు తెలుపుదే కొనండి. రంగుల ఈ-ఇంక్‌లో తెర మీద రంగుల పొర ఒకటి అదనంగా ఉంటుంది, దాంతో ఇంకా చీకటిగా కనిపిస్తుంది.

ఏది కొన్నా షాపులో చూసి నిర్ణయించుకోకండి. షాపు లైట్లలో అన్నీ బాగుంటాయి. మీ స్కాన్ ఒకటి, టైపు పుస్తకం ఒకటి, పద్యాలది ఒకటి వేయించి, తెల్లవారుజామున మీ బల్ల దగ్గర మీ ట్యూబులైటు కింద పావుగంట పైకి చదవండి. కండ్లు మోసం చేస్తే నోరు పట్టేస్తుంది. ఎవరి దగ్గరైనా రెండు రోజులు అడిగి తెచ్చుకోగలిగితే మరీ మంచిది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్నాళ్లో ముందే చూడమనండి.

వినడం గురించి మీరు రాయలేదు, నేనే చెబుతున్నాను. ఫోన్‌లో, ట్యాబ్‌లో తెలుగు చదివి వినిపించే గొంతు ఉంది, టైపు పాఠమైతే చదువుతుంది. స్కాన్ పేజీలను గూగుల్ డాక్స్‌లో తెరిస్తే పాఠంగా మారుస్తుంది, కానీ పాత అచ్చు పుస్తకాల్లో వత్తులు తప్పుతుంది. వచనానికి ఫర్వాలేదు. పద్యాన్ని ఆ గొంతు చంపేస్తుంది, మీరు ఓర్వలేరు. డాక్టర్ రెటీనా బాగా దెబ్బతిందని చెబితే మాత్రం ఈ దారిని తోసేయకండి. అచ్చు చదవలేని వాళ్ల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016లో మొదలైంది, అందులో తెలుగు కూడా ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తక్కువ చూపుతో బతకడం, చదవడం నేర్పే విభాగం ఉంది. మా అమ్మ అక్కడే స్టాండు ఉన్న భూతద్దం వాడటం నేర్చుకుంది, దాంతోనే రోజూ రెండు పేజీలు చదివేది.

ఇప్పుడు మీ అబ్బాయి. అతను మీకు రీడర్ కొనిచ్చేటప్పుడు ఇంగ్లీషు పుస్తకం చదువుకునే తన కంటితో ఆలోచించాడు. అతనికి అది బాగుంటుంది కాబట్టి అమ్మకూ బాగుంటుందనుకున్నాడు. ప్రేమ ఉంది, కొలత తప్పింది. మీరు చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. అతను వచ్చే పుట్టినరోజుకు దానికి మంచి కవరు కొంటాడు. ఈలోగా అమ్మాయి ట్యాబ్ తెస్తుంది, బతుకమ్మకు అందరూ ఇంటికొచ్చినప్పుడు బల్ల మీద అది కనపడుతుంది. తన కానుక బీరువాలో ఉందనే కాదు, అమ్మా చెల్లెలూ కలిసి తన దగ్గర దాచారని కూడా అతనికి తెలుస్తుంది. మొదటిదానికి నొచ్చుకుంటాడేమో. రెండోది మనసులో చాన్నాళ్లు ఉండిపోతుంది.

ఫోన్‌లో చెప్పడం మీకు కష్టమైతే వచ్చినప్పుడు చెప్పండి. రీడర్ తీసి, సారు పుస్తకం స్కాన్ ఒకటి తెరిచి, "ఈ పద్యం చదువు బిడ్డా" అని అతని చేతికివ్వండి. అతనే రెండు వేళ్లతో లాగి, జరిపి, విసుక్కుంటాడు. మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. కండ్ల పరీక్ష సంగతి మాత్రం అంతదాకా ఆపకండి, ఈ వారమే ఫోన్‌లో చెప్పండి. "మోతిబిందు అన్నారు, నేను చూపించుకోకుండా ఆగిపోయాను" అన్న మాట మీ పిల్లలిద్దరికీ తెలియాలి. మీరు బీరువాలో దాచింది రీడర్ ఒక్కటే కాదమ్మా, ఈ సంగతి కూడా. ఇక ట్యాబ్ కొనాలనుకుంటే అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి కొననివ్వండి. వచనం కూడా మీకు కుదరకపోతే ఆ చిన్న రీడర్ ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలకివ్వండి.

సారు పుస్తకాల గురించి. గ్రంథాలయానికి ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. మీ హనుమకొండలోనే 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, అలాంటి చోట పుస్తకాలకు పాఠకులు దొరుకుతారు. కానీ ఇప్పుడు మీరు ఇవ్వాలనుకుంటున్నది కండ్లు కనపడక, మనసు ఉసూరుమని. పరీక్ష కాకుండా, ఆపరేషన్ అవసరమో కాదో తెలియకుండా ఒక్క పుస్తకం కూడా గడప దాటించకండి. కన్ను తేటపడ్డ తర్వాత కూడా ఇవ్వాలనే అనిపిస్తే అప్పుడు సంతోషంగా ఇవ్వండి. సారు అంచుల్లో రాసుకున్న మాటలున్న పుస్తకాలైతే అప్పుడు కూడా పక్కన పెట్టుకోండి. స్కాన్ చేసేటప్పుడు పిల్లలు అంచులు కత్తిరిస్తారు.

ఇవన్నీ తేలేలోగా కార్తీకం వచ్చేస్తుంది. గుడిలో చదవడం మానకండి. అరవై ఏళ్ల కంటి లోపలికి ఇరవై ఏళ్ల కంటికి చేరే వెలుగులో మూడోవంతే చేరుతుందంటారు. కాబట్టి ముందు ఒక టేబుల్ లైటు కొని, కండ్లలో పడకుండా ఎడమ భుజం వెనక నుంచి పేజీ మీద పడేలా పెట్టుకోండి. గుడిలో కూడా పూజారి గారినడిగి అలాగే పెట్టించుకోండి. చదవాల్సిన అధ్యాయాలు పుస్తకంలోంచి జిరాక్స్ తీయించండి. హనుమకొండ చౌరస్తాలో ఏ షాపులోనైనా చిన్న పేజీని ఏ3 కాగితం మీదికి పెంచి తీస్తారు, అక్షరం రెండింతలవుతుంది. నలుపు కొంచెం పెంచి తీయమనండి, కాగితం మెరిసేది వద్దనండి, ఒకవైపే అచ్చు వేసి స్పైరల్ బైండింగ్ చేయించండి. ఇంటికి తెచ్చుకున్నాక ఫ, ధ, థ వచ్చిన చోటల్లా ఆ వత్తు మీద, ఆ చుక్క మీద నల్ల స్కెచ్‌పెన్నుతో మీరే ఒకసారి దిద్దుకోండి.